రెండోసారి బుగ్గలు

మా అమ్మాయికి,

అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేను, మీ మావయ్య, మన కుట్టుమిషను. మిషనుకి మొన్న కాస్త నలతగా ఉంటే నూనె పోశాం, లేచి కూర్చుంది. అక్కడ నువ్వూ క్షేమంగా ఉన్నావనీ, పొట్ట మీద కుట్ల దగ్గర లాగడం తగ్గిందనీ, వేళకి తింటున్నావనీ అనుకుంటున్నాను. అనుకోవడమే కదా, నువ్వు ఫోన్ ఎత్తితేగా తెలిసేది.

నీ ఉత్తరం అందింది. ఫోన్లో అయితే నేను ఏదో ఒకటి అని నవ్వించేస్తాననీ, నవ్వితే కోపం చెడిపోతుందనీ, అందుకే రాస్తున్నాననీ మొదలుపెట్టావు. తెలివైన పనే. ఉత్తరంలో అయితే మధ్యలో అడ్డు తగిలేవాళ్లు లేకుండా తీరిగ్గా తిట్టుకోవచ్చు. మొత్తం చదివాను. టీ చల్లారిపోయింది. మళ్లీ పెట్టుకుని మళ్లీ చదివాను. "అమ్మా, ఒకసారి సరదా పడ్డావు, సరే అన్నాను. మళ్లీనా? ఈ వయసులో ఎవరికి చూపించడానికి? మళ్లీ ఆ బల్ల ఎక్కితే నాతో మాట్లాడకు, మా ఇంటికి రాకు" అన్నావు. 'మా ఇంటికి' అన్న మాట కింద గీత కూడా గీశావు. స్కేలు పెట్టి గీసినట్టుంది. కోపంలో కూడా గీత వంకర పోకూడదు నీకు!

సరే. నువ్వు అడిగినవాటికి జవాబులు చెబుతాను. కూర్చుని చదువు. నిలబడి చదివితే సగంలో విసిరికొడతావు.

మావయ్య ఎలా ఉన్నాడని అడిగావు. ఎలా ఉంటాడు, అలాగే ఉన్నాడు. పొద్దున్నే వర్క్‌షాపు షట్టరు ఎత్తి, నోట్లో గుప్పెడు మేకులు పోసుకుని, ఒక్కొక్కటే నాలుకతో పెదాల మీదికి తోసి సుత్తికి అందిస్తూ సోఫాలకి రెగ్జిన్ బిగిస్తాడు. నోట్లో మేకులున్నంతసేపే ఈ లోకానికి ప్రశాంతత. నువ్వు ఆయనకి కూడా రాశావట కదా, 'నువ్వైనా చెప్పు మావయ్యా' అని. చెప్పాడు. మేకులు తీసి పక్కన పెట్టి మరీ చెప్పాడు.

"ఏమే, పిల్ల అంతలా బాధపడుతోంది. ఎందుకు నీకీ గోల?"

"అన్నయ్యా, నువ్వు మీసానికి రంగెందుకు వేస్తావు?"

"అది వేరు."

"ఎలా వేరు?"

మేకులు మళ్లీ నోట్లో పోసుకున్నాడు. కాబట్టి మీ మావయ్యని నా మీదికి ఉసిగొల్పడం మానెయ్, ఆయన వల్ల కాదు.

ఇక సరదా అన్నావే, ఆ మాట దగ్గరికి వస్తాను. ఆ మాట నాకు గుచ్చుకుంది. నేను సరదాకి చాలా పనులు చేశాను. బంగారం రంగు చెప్పులు కొన్నాను, ఈత నేర్చుకుంటానని వెళ్లి సగం చెరువంత నీళ్లు మింగి వచ్చాను. ఇది సరదా కాదు.

మీ నాన్న పోయిన ఏడాది నా ముఖం నిండుగా ఉండేది, నీకు గుర్తుందో లేదో. బుగ్గలు పండులా ఉండేవి. లోపల నేను ముక్కలై ఉన్నాను. అప్పుడు నన్ను ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, 'ఎలా ఉన్నావమ్మా' అని అడగలేదు. 'నువ్వు గట్టిదానివి' అనేవాళ్లు. చూడ్డానికి గట్టిగా ఉన్నాను మరి. తర్వాత ఏళ్లు గడిచాయి. వర్క్‌షాపు నిలదొక్కుకుంది, నువ్వు ఉద్యోగంలో చేరావు, నేను మళ్లీ కూనిరాగాలు తీసుకుంటూ పని చేసుకునే రోజులొచ్చాయి. సరిగ్గా అప్పుడు, నా ఒంట్లో ఏ జబ్బూ లేకుండా, చెంపలు రెండూ గుంటలు పడ్డాయి. ఇంక మొదలుపెట్టారు చూడు ఓదార్పులు!

బస్సులో నాకన్నా పెద్దావిడ లేచి సీటు ఇచ్చేది. మందుల షాపువాడు నేను దగ్గు బిళ్ల అడిగితే గొంతు తగ్గించి మాట్లాడేవాడు. ఒకాయన చిరిగిన కుర్చీ ఒకటి ఆటోలో వేసుకుని వచ్చాడు. నన్ను చూడగానే "అయ్యో, మీకు ఒంట్లో బాగున్నట్టు లేదు, ఇబ్బంది పెట్టనులెండి" అని అదే ఆటోలో అదే కుర్చీ వేసుకుని పై వీధి దుకాణానికి పోయాడు. దిట్టంగా ఉన్నానయ్యా, ఆ కుర్చీని ఒంటిచేత్తో ఎత్తగలను అని వెనకనుంచి అరిచాను. అరిస్తే ఇంకా జాలి పడ్డాడు.

రోజూ పది మంది నన్ను చూసి నొచ్చుకుంటుంటే నాకూ అనుమానం వచ్చేది, నిజంగానే నేనేమైనా బాధలో ఉన్నానా అని. నేను సంతోషంగా ఉన్నానే పిల్లా! ఎంతో కష్టపడి సంపాదించుకున్న సంతోషం అది. నా ముఖమే అడ్డంగా నిలబడి ఊళ్లో అందరికీ నా మీద చాడీలు చెబుతోంది. దాని నోరు మూయించడానికి వెళ్లాను ఆ డాక్టరమ్మ దగ్గరికి. నడుం దగ్గర కొవ్వు గొట్టంతో లాగి, వడగట్టి, చిన్న చిన్న సిరంజీలతో చెంపల్లోకి ఎక్కించింది. వేరే ఎవరిదో కాదు, ప్లాస్టిక్కూ కాదు. నాదే, నా ఒంట్లోదే. ఒక గదిలో సామాను ఇంకో గదిలోకి జరుపుకుంటే ఇల్లు మారిపోదు కదా.

ఆ వాపు దిగాక ఒకరోజు ఒకాయన వచ్చి దివాను బాగుచేయడానికి బేరం ఆడాడు. నాతో! వేలు చూపిస్తూ, "మీరు మరీ అన్యాయం చేస్తున్నారు" అన్నాడు. నేనూ వేలు చూపించాను. ఎంత హాయిగా పోట్లాడామో! ఆయన వెళ్లాక మీ మావయ్యని పిలిచి చెప్పాను, "చూశావా అన్నయ్యా, నా మీద కోప్పడ్డాడు" అని. నువ్వు తీసిన ఫోటో ఉంది చూడు, వర్క్‌షాపు ముందు సగం కట్టిన సోఫాలో కూర్చుని నేను పగలబడి నవ్వుతున్నది, అది ఆ వారం తీసిందే.

'ఎవరికి చూపించడానికి' అన్నావు. ఎవరైనా ఉన్నారా అని నేరుగా అడగడానికి మొహమాటపడి అలా తిప్పి అడిగావు. ఎవరూ లేరు. ఉంటే నీ అనుమతి అడగను, పరిచయం చేస్తాను. మంచి బట్టలు వేసుకుని రా అని ముందే చెబుతాను కూడా. నాకు చూపించుకోవడానికే చేయించుకున్నాను. పొద్దున్నే అద్దంలో చూసుకుంటూ పళ్లు తోముకునేది నేనే కదా, వీధిలో వాళ్లు కాదు.

ఇక 'మళ్లీ ఎందుకు' అన్న సంగతి. ఎత్తిపొడిచావు కూడా, 'కుషన్ నొక్కినట్టు నొక్కి నొక్కి నువ్వే పాడుచేసుకున్నావు, మళ్లీ నింపించుకుని మళ్లీ నొక్కుతావు' అని. ఆ నొక్కుడు సంగతి చివర్లో చెబుతాను. ముందు డాక్టరమ్మ చెప్పింది విను. తీసి పెట్టిన కొవ్వు అంతా కొత్తచోట బతకదట. కొంత మొదటి నెలల్లోనే ఒళ్లు పీల్చేసుకుంటుంది. నిలబడింది నిలబడుతుంది. కొందరికి ఒక్కసారికే చాలినంత నిలుస్తుంది, కొందరికి చాలదు, కొందరికి ఒక పక్క నిలిచి ఒక పక్క నిలవదు. ఎవరికెంత నిలుస్తుందో ముందే చెప్పలేనని మొదటిరోజే చెప్పింది. ఒకేసారి ఎక్కువ కూరితే అదీ ప్రమాదమేనట, మధ్యలో పడ్డ కొవ్వుకి రక్తం అందక గడ్డ కడుతుందట. అందుకే కొంచెం పెట్టి, ఆగి, కావాలంటే మళ్లీ. మళ్లీ వచ్చేవాళ్లందరికీ పిచ్చి పట్టిందనుకోకు.

అక్కడి గదిలో కూర్చుంటే తెలుస్తుంది. నా పక్కన ఒకాయన, లారీ డ్రైవరు. ఎప్పుడో దెబ్బ తగిలి దవడ మీద సొట్ట. మొదటిసారి సగమే పూడిందని మళ్లీ వచ్చాడు. "గడ్డం గీసుకుంటుంటే బ్లేడు గుంటలో పడుతోందండీ, మిగతా సగం కూడా పూడిస్తే పోద్ది" అన్నాడు. అంతే ఆయన బాధ. ఎంత చిన్నది, ఎంత సబబైనది! ఆయన పక్కన ఒక అందమైన అమ్మాయి, నీ వయసే ఉంటుంది. చేతిలో చిన్న అద్దం. ఆ అద్దంలోంచి ఒక్కసారి కూడా కళ్లు ఎత్తలేదు. ఎన్నోసారో ఆమెకే గుర్తు లేదంది. లోపలికి వెళ్లి ఏడుస్తూ బయటికి వచ్చింది. డాక్టరమ్మ గుమ్మం దాకా వచ్చి, "నీ ముఖంలో తక్కువైంది ఏమీ లేదమ్మా, నేను చేయను. వేరే చోటికీ వెళ్లొద్దు. నేను చెప్పిన మానసిక డాక్టరుతో ఒకసారి మాట్లాడు" అంది.

అది చూశాక నా మీద నాకే అనుమానం పట్టుకుంది. నీ ఉత్తరం అప్పటికే నా సంచిలో ఉంది. లోపలికి వెళ్లి ఏం అడగాలో అదే అడిగాను.

"డాక్టరమ్మా, నేనూ ఆ పిల్లలాగా అయిపోతున్నానా?"

"ఎక్కడ ఆగాలో మీరే చెప్పండి" అంది.

నువ్వు తీసిన ఫోటో బయటికి తీసి బల్ల మీద పెట్టాను. "ఇంతవరకు. ఇంతకన్నా ఒక్క చుక్క ఎక్కువ అడిగితే నన్ను బయటికి పంపేయండి."

ఆవిడ ఫోటో వంక చూసింది, నా వంక చూసింది. "ఈ నవ్వు నేను పెట్టలేను, మిగతాది పెడతాను" అంది.

అర్థమైందా అమ్మడూ? 'నీ ఉత్తరం అప్పటికే నా సంచిలో ఉంది' అని పైన రాశాను. అవును. అయిపోయింది. నీ ఉత్తరం చదివి, నువ్వు గీసిన గీత కూడా చూసి, మడిచి సంచిలో పెట్టుకుని మరీ వెళ్లాను. తెలియక చేశానని అననుగాక అనను. ఇప్పుడు చెంపలు ఉబ్బి, కళ్ల కింద నీలం పసుపు కలిసిన రంగులో ఉన్నాను. నడుం చుట్టూ బెల్టు. మనం ఎవరికో చేసి వాళ్లు తీసుకెళ్లని వాలుకుర్చీలో పడుకుని, ఒళ్లో అట్ట పెట్టుకుని రాస్తున్నాను. మీ మావయ్య సూపు చేసి ఇస్తున్నాడు, అది సూపని ఆయనే చెప్పాడు కాబట్టి నమ్ముతున్నాను. "ఎవరితోనో కొట్టుకుని ఓడిపోయి వచ్చినట్టున్నావు" అన్నాడు. "గెలిచి వచ్చాను, అవతలి వాళ్లని నువ్వు చూడలేదు" అన్నాను. నవ్వితే చెంపలు నొప్పి పుడుతున్నాయి. అయినా నవ్వుతున్నాను.

నువ్వు ఇప్పుడు ఉత్తరం కింద పెట్టేసి ఉంటావు. మళ్లీ తియ్యి. అసలు సంగతి ఇంకా రాలేదు.

నీది కోపం కాదు. నిన్ను కన్నదాన్ని, నాకు తెలియదా! 'ఆ బల్ల' అని రాశావు చూడు, ఆపరేషన్ అని కూడా రాయలేకపోయావు. పోయినేడు అపెండిక్స్ పగిలి నువ్వు ఆ బల్ల ఎక్కావు. అటు వెళ్లిపోబోయి ఇటు వచ్చావు. అందుకని నేను ఆ బల్ల ఎక్కుతానంటే నీకు గుండె ఆగిపోతోంది. మీ నాన్న లేడు, నేనూ పోతే ఎవరున్నారు అని. ఆ మాట రాయడానికి చేతులు రాక 'మా ఇంటికి రాకు' అని రాశావు. పిచ్చి మొద్దూ, భయంగా ఉందని రాస్తే గీత గీయాల్సిన పని ఉండేది కాదు. వినుకో, నాకు మత్తు చెంపలకీ నడుముకీ మాత్రమే ఇచ్చారు. మెలకువగానే ఉన్నాను. డాక్టరమ్మ కుర్చీ చక్రం కిర్రుమంటోందని చెప్పాను కూడా. ప్రమాదం అసలే లేదని చెప్పను, ప్రతిదానికీ ఉంటుంది. అన్నీ అడిగి, తెలుసుకుని వెళ్లాను.

ఇప్పుడు ఆ నొక్కుడు సంగతి.

నేను నొక్కిన మాట నిజమే, ఒక్కసారి. మొదటిసారి చేయించుకున్న కొత్తలో ఎడమ చెంప కాస్త ఎత్తుగా ఉందని బొటనవేలితో అదిమాను. మన పని అంతే కదా, ఎత్తు కనపడితే వేలు దానంతటదే పోతుంది. డాక్టరమ్మ తిట్టిన తిట్టుకి మళ్లీ చెయ్యి పైకి ఎత్తలేదు. ఆ ఎత్తు దానంతటదే సర్దుకుంది. రెండు బుగ్గలూ భేషుగ్గా నిలబడ్డాయి. నిలబడ్డాయే! అవి పోయింది నీ మంచం పక్కన.

నీకు ఆ రోజులు సరిగా గుర్తుండవు, జ్వరంలో ఉన్నావు. నీ మంచం పక్కన ఒక కుర్చీ ఉండేది. సీటు చిరిగి, లోపలి స్పాంజి బయటికి వచ్చి, కూర్చుంటే కింది చెక్క తగిలేది. నా సంచిలో ఎప్పుడూ సూదీ దారమూ ఉంటాయని నీకు తెలుసు. చిరిగినది ఏదైనా కంటపడితే నా చెయ్యి ఊరుకోదనీ తెలుసు. పెళ్లి విందుకి వెళ్లి వాళ్ల కుర్చీ కుట్టి వచ్చినదాన్ని. అన్ని రోజులు ఆ కుర్చీలో కూర్చుని, నీ వంకే చూస్తూ, దానికి ఒక్క కుట్టు వేయలేదు. తినడం గుర్తుండేది కాదు. ఎవరైనా పెడితే ఒక్క ముద్ద తిని పక్కన పెట్టేసేదాన్ని. నువ్వు కళ్లు తెరిచి నీళ్లు అడిగిన రోజున కుట్టాను దాన్ని. కుడుతుంటే నా గాజులు మోచేతి దాకా జారిపోయాయి, అప్పుడు చూసుకున్నాను ఎంత చిక్కిపోయానో.

ఆ మర్నాడే అడిగావు, "అమ్మా, నీ బుగ్గలేవీ?" అని.

ఏం చెప్పమంటావు? ఆ మాట చెబితే ఆ మంచంలోనే ఏడుస్తావు. "కుషన్ అనుకుని నొక్కేశానే" అన్నాను. నువ్వు కుట్లు చేత్తో పట్టుకుని, "అమ్మా, నవ్వించకే, నొప్పి" అంటూ నవ్వావు. మళ్లీ నీ నవ్వు వింటాననుకోలేదు నేను. దాని కోసం ఆ అబద్ధమేమిటి, ఎంత పెద్దదైనా ఆడేదాన్ని. మనవాళ్లందరూ అదే నమ్మారు, మీ మావయ్య అయితే ఇప్పటికీ వచ్చినవాళ్లకల్లా చెబుతాడు. ఊళ్లో నా బొటనవేలికి మంచి పేరొచ్చింది. కుర్చీకే కుట్టు వేయలేకపోయిన చెయ్యి ఊరికే బుగ్గ నొక్కుకుంటూ కూర్చుందంటే, నువ్వెలా నమ్మావే?

"పెట్టిన కొవ్వూ మీ ఒంట్లోదే, మీరు చిక్కితే అదీ చిక్కుతుంది" అంది డాక్టరమ్మ. మళ్లీ ఒళ్లు చేస్తే కొంత వస్తుందేమో చూద్దాం, తొందర వద్దు అంది. ఆగాను. ఒళ్లు వచ్చింది, పిలిచిన చోటికి కాదు, నడుముకి వచ్చింది. చెంపలకి రాలేదు. జాలి చూపులు మాత్రం ఠంచనుగా మళ్లీ వచ్చాయి. బరువు ఒకచోట నిలిచేదాకా ఆగి, ఆ నడుములోదే తీసి పైన పెట్టింది.

నీకు ఇది ఎప్పటికీ చెప్పకూడదనుకున్నాను. కానీ నువ్వు సరదా అన్నావు. ఆ ఒక్క మాటకి ఊరుకోలేకపోయాను. నా వల్లే కదా అని ఇప్పుడు మొదలుపెట్టకు. నీ వల్ల కాదు, నా ఇష్టంతో పోయాయి. అలాంటి రోజు మళ్లీ రాకూడదు, వస్తే మళ్లీ అలాగే కూర్చుంటాను, మళ్లీ కరిగిపోతే పోనీ. కానీ నువ్వు లేచి తిరిగాక, నేను మళ్లీ వెళ్లి నింపించుకుంటాను. మూడోసారి కూడా. నీ కోసం పోగొట్టుకోవడానికి నేనెవరినీ అడగలేదు, నా కోసం తెచ్చుకోవడానికీ అడగను.

వాపు దిగగానే బయల్దేరి వస్తున్నాను. నువ్వు పిలవకపోయినా వస్తున్నాను. తలుపు తీయకపోతే మీ మెట్ల మీద కూర్చుంటాను, నా కుషన్ నేనే తెచ్చుకుంటాను. వచ్చేపోయేవాళ్లు నన్ను చూసి జాలి పడతారని ఆశ పెట్టుకోకు, ఈ ముఖం చూసి ఎవరూ పడరు. నీతోనే తగువు పెట్టుకుంటారు, నిక్షేపంలా ఉన్న మనిషిని బయట కూర్చోబెట్టావేమని.

తలుపు తీస్తావు, నాకు తెలుసు. తీసి ఒక్క ఉదుటున మీద పడతావు, అదీ తెలుసు. అందుకే ముందే రాస్తున్నాను, ఇంకొన్ని వారాలు చెంపలు నొక్కకూడదట. ముద్దు పెట్టాలనిపిస్తే నుదుటి మీద పెట్టు.

ఇట్లు,
బుగ్గలు ఉన్నా కరిగినా ఒకేలా నిన్ను విసిగించే
మీ అమ్మ